మార్చి 20 నుంచి 24 వరకు వరుసగా వచ్చే దినోత్సవాల్లో మా కాలనీ దేన్ని ఎంచుకోవాలి?

ప్రశ్న: కాలనీ కార్యదర్శి, మల్కాజిగిరి

అందరికీ నమస్కారం. నూట నలభై ఇళ్లున్న మా కాలనీ సంక్షేమ సంఘానికి ఈ ఏడాది నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. పాత లెక్కల పుస్తకం తిరగేస్తే, నిరుడు మా సంఘం ఏడు దినోత్సవాలు జరిపినట్లు తేలింది. జరపడమంటే గేటు పక్కన ఫ్లెక్సీ కట్టడం, దాని ముందు పదిహేను మంది నిలబడి ఫొటో దిగడం, సమోసాలు తిని చాయ్ తాగి ఎవరింటికి వారు వెళ్లిపోవడం. ఆ ఏడు ఫ్లెక్సీలకు పెట్టిన డబ్బుతో వీధి చివర పాడైపోయిన కెమెరాను బాగు చేయించి ఉండవచ్చు. నీటి దినోత్సవం నాటి ఫ్లెక్సీని మా వాచ్‌మన్ తన గది రేకుల మీద వాన కారకుండా కప్పుకున్నాడు. నాకు తెలిసినంతవరకు ఆ దినోత్సవం వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే అది అతనికే.

అందువల్ల ఈసారి వసంతకాలంలో ఒకే ఒక్క దినాన్ని ఎంచుకుని, దాన్నయినా సక్రమంగా జరుపుదామని కమిటీలో తీర్మానించుకున్నాం. తీరా క్యాలెండరు ముందు పెట్టుకుని కూర్చుంటే ఆ ఐదు రోజుల్లోనే ఊపిరి సలపనన్ని కనిపించాయి. 20న ఆనందం, పిచ్చుకలు, నోటి ఆరోగ్యం, 21న అడవులు, కవిత్వం, డౌన్ సిండ్రోమ్, జాతి వివక్ష నిర్మూలన, 22న నీరు, 23న వాతావరణం, అదే రోజు భగత్ సింగ్ బలిదానం, 24న క్షయ. కమిటీలో ఐదుగురు సభ్యులుంటే ఐదుగురూ ఐదు పేర్లు చెప్పారు.

ఈ తేదీలను ఎవరు నిర్ణయిస్తారు, ఇన్ని దినాలు ఆ ఒక్క వారంలోనే ఎందుకు గుమిగూడాయి, మా వంటి మధ్యతరగతి కాలనీకి వాటిలో ఏది తగినది అన్నవి నా సందేహాలు. మరొక సంగతి కూడా గమనించగలరు: ఆ సమయానికి పదో తరగతి పరీక్షలు జరుగుతుంటాయి, ఒంటిపూట బడులు మొదలై ఉంటాయి, ఉగాది ముందో వెనుకో వస్తుంది, మధ్యాహ్నం పన్నెండు దాటితే బయట నిలబడలేం. పిల్లలను వరుసలో నిలబెట్టి ప్రతిజ్ఞ చేయించే పద్ధతి తప్ప వేరే ఏదైనా చెప్పండి.

జవాబు: విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, నల్లకుంట

కార్యదర్శి గారికి నమస్కారం. ముప్పై ఏళ్లపాటు బడిలో ఈ దినోత్సవాలన్నింటికీ ఉపన్యాసం రాసిపెట్టే పని నా మీదే ఉండేది కనుక కొంత చెప్పగలను.

వీటిలో ఎక్కువ భాగాన్ని ప్రకటించేది ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ. ఒక సభ్యదేశమో కొన్ని దేశాలు కలిసో ప్రతిపాదన తెస్తే సభ తీర్మానం చేస్తుంది. ఆనంద దినోత్సవం వెనుక భూటాన్ చొరవ ఉంది. 2012లో తీర్మానం జరిగింది, 2013 నుంచి ఆచరణలోకి వచ్చింది. 1992లో రియో డి జనైరోలో జరిగిన సదస్సులో నీటి దినోత్సవం ఆలోచన వచ్చింది, 1993 మార్చి 22న మొదటిసారి జరిపారు. కొన్నింటిని అనుబంధ సంస్థలు ప్రకటిస్తాయి. కవితా దినోత్సవం 1999లో యునెస్కో నిర్ణయించినది. పిచ్చుకల దినోత్సవానికి మాత్రం ఈ తీర్మానాలతో పని లేదు. నాసిక్‌కు చెందిన మహమ్మద్ దిలావర్ స్థాపించిన నేచర్ ఫరెవర్ సొసైటీ చొరవతో 2010లో అది మొదలైంది. అంటే ఆ ఐదు రోజుల జాబితాలో మన దేశంలో పుట్టిన దినం కూడా ఒకటుందన్నమాట.

ఇక తేదీల సంగతి. వాటిని నేను బోర్డు మీద రెండు కుప్పలుగా రాసేవాణ్ణి. మొదటి కుప్పలోవి ఆ రోజున నిజంగా ఏదో జరిగినందువల్ల వచ్చినవి. 1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో, నల్లజాతివారు ఎక్కడికి వెళ్లినా పాసు చూపాలన్న చట్టానికి నిరసనగా గుమిగూడిన జనంపై పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. ఆరేళ్ల తర్వాత ఐక్యరాజ్యసమితి ఆ తేదీని జాతి వివక్ష నిర్మూలన దినంగా ప్రకటించింది. ప్రపంచ వాతావరణ సంస్థ ఒడంబడిక అమలులోకి వచ్చినది 1950 మార్చి 23న. లాహోరు జైలులో భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లను ఉరితీసినది 1931లో అదే తేదీన. వీటి తేదీని ఎవరూ మార్చలేరు.

రెండో కుప్పలోవి ఆకాశాన్ని చూసి పెట్టుకున్నవి. మార్చి 20, 21 ప్రాంతంలో సూర్యుడు భూమధ్యరేఖకు నేరుగా పైకి వస్తాడు, పగలూ రాత్రీ ఇంచుమించు సమానమవుతాయి. దీన్నే వసంత విషువత్తు అంటాం. ఉత్తర దేశాల్లో అది మంచు కరిగి చెట్లు చిగురించే వేళ కాబట్టి అడవుల దినం 21న పడింది. ఇరాన్ వారి నౌరోజ్‌కు మూలం కూడా ఈ విషువత్తే. సికింద్రాబాద్‌లోని పార్సీ కుటుంబాలకు ఆ రోజు పండుగ. మన ప్రభుత్వ రాజపత్రంలో ఇంగ్లీషు తేదీ పక్కన కనిపించే జాతీయ పంచాంగం కూడా దీని మీదే నిలిచింది. మేఘనాద్ సాహా అధ్యక్షతన పనిచేసిన సంఘం సిఫారసుతో 1957 మార్చి 22న అది అమలులోకి వచ్చింది; చైత్రం 1వ తేదీ మామూలు సంవత్సరంలో మార్చి 22న, లీపు సంవత్సరంలో 21న పడుతుంది. దాన్ని చూసి ముహూర్తం పెట్టుకున్నవారిని నేనింతవరకు చూడలేదనుకోండి. మన ఉగాది చాంద్రమానంతో నడుస్తుంది కాబట్టి ఒకచోట నిలవదు: 2023లో సరిగ్గా మార్చి 22న వచ్చి నీటి దినోత్సవంతో కలిసిపోయింది, 2024లో ఏప్రిల్ 9కి జరిగింది, 2025లో మార్చి 30కి వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆకాశాన్ని చూసి పెట్టిన తేదీలు ఉత్తరార్ధగోళపు చల్లని దేశాల వసంతాన్ని ఉద్దేశించినవి. షార్ప్‌విల్‌లో ఆ రోజున శరదృతువు నడుస్తుంటుంది. హైదరాబాద్‌లో పేరుకు వసంతమే గానీ ఒంటికి ఎండాకాలం. కాబట్టి మొదటి కుప్పలోని దినాన్ని ఎంచుకుంటే అక్కడ జరిగిన సంఘటనే మీరేం చేయాలో చెబుతుంది. రెండో కుప్పలోని దాన్ని ఎంచుకుంటే మాత్రం, ఆ వారంలో మన ఊళ్లో ఏ పని చేయవలసి ఉంటుందో చూసి దాని మీద ఆ పేరు పెట్టుకోవడం మంచిది.

జవాబు: ఒక అమ్మ, బోయిన్‌పల్లి

మాస్టారు చెప్పిన రెండు కుప్పలలోనూ ఇమడని తేదీ ఒకటుంది, అందుకే రాస్తున్నాను. మార్చి 21 డౌన్ సిండ్రోమ్ దినం కావడానికి కారణం ఆకాశమూ కాదు, చరిత్రా కాదు, అంకెలు. మనుషుల కణాల్లో క్రోమోజోములు జతలుగా ఉంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయి. ఈ సంగతిని 1959లో ఫ్రాన్సులో జెరోమ్ లెజూన్ బృందం ప్రకటించింది. 21వ దానికి మూడు ప్రతులు కనుక మూడో నెల 21వ తేదీ. అమెరికావారిలాగా నెలను ముందు రాసినా అర్థం చెడదు. ఐక్యరాజ్యసమితి 2012 నుంచి దీన్ని పాటిస్తోంది.

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. పుట్టిన వారంలోనే గుండె పరీక్ష చేయించాం, ఎందుకంటే ఈ పిల్లల్లో సగం మందికి దగ్గరగా గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. థైరాయిడ్, వినికిడి, చూపు కూడా ఏటా చూపించుకోవాలి. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది. చాలా కాలనీలవారికి ఆ దారిన బస్సు వెళుతుందని తెలుసు, లోపల ఏం చేస్తారో తెలియదు. చిన్న వయసులోనే మాట, నడక, చేతిపని నేర్పే శిక్షణ మొదలైతే పిల్లలు ఎంత దూరం వస్తారో అక్కడ మా కళ్లతో చూశాం.

మీరు ఈ దినాన్ని ఎంచుకుంటే నాదొక మనవి. మా పిల్లలను వేదిక మీదకు పిలిచి శాలువా కప్పవద్దు. ఒకసారి ఒక సభలో మా వాణ్ణి అలా నిలబెట్టి, పేరు సరిగా పలకకుండా, వాడి ముందే ‘ఇలాంటి పిల్లలు’ అని పదిసార్లు అన్నారు. వాడు మాట నెమ్మదిగా మాట్లాడతాడే గానీ చెవులు బాగానే పనిచేస్తాయి. క్రోమోజోములు సాక్సుల ఆకారంలో కనిపిస్తాయని ఆ రోజున వేర్వేరు రంగుల సాక్సులు తొడుక్కునే అలవాటు ఒకటుంది. అది సరదాగానే ఉంటుంది. అయితే మా వాడికి కావలసినది సాయంత్రం సెల్లారులో జరిగే క్రికెట్‌లో ఒక స్థానం, పక్కింటి పుట్టినరోజుకు ఒక పిలుపు. మీ నూట నలభై ఇళ్లలో అటువంటి పిల్లలు ఉంటే సభ పెట్టకుండా ముందు వారి ఇంటికి వెళ్లి, వారికేం కావాలో అడిగి రండి. లేకపోతే వేరే దినాన్ని చూసుకోండి, మేమేమీ అనుకోం.

జవాబు: ల్యాబ్ టెక్నీషియన్, ఎర్రగడ్డ

నేను 24వ తేదీ పక్షాన మాట్లాడతాను. నా పని కళ్లె పరీక్ష. నీలం రంగు మధ్య సన్నని ఎర్రటి కడ్డీల్లాగా కనిపించే క్షయ క్రిములను సూక్ష్మదర్శినిలో వెతకడంతోనే నా ఉద్యోగంలో సగం గడిచింది. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ అనే వైద్యుడు, క్షయ వంశపారంపర్యంగా వచ్చే శాపం కాదని, దానికి కారణం ఒక క్రిమి అని ఋజువు చేసి చూపాడు. మనుషుల్లో ఏడుగురికి ఒకరు ఈ రోగంతోనే పోతున్నారని ఆయన ఆ రోజు చెప్పాడు. 1905లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మాస్టారి లెక్కలో ఇది మొదటి కుప్పలోని తేదీ.

ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఇది పేద బస్తీల జబ్బు, మనకు రాదు అనుకునే కాలనీలే నాకు ఎక్కువ భయం కలిగిస్తాయి, ఎందుకంటే ఆ ఇళ్లలో జబ్బు వచ్చినవారు పరువు కోసం దాచిపెడతారు, వేరే ఊరి ఆసుపత్రిలో మందులు తెచ్చుకుంటారు, పెళ్లి సంబంధం తప్పిపోతుందని ఆడపిల్ల దగ్గును నెలల తరబడి సిరప్‌తో నెట్టుకొస్తారు. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు పట్టడం ఉంటే కళ్లె పరీక్ష చేయించాలి. బస్తీ దవాఖానాకు వెళ్లి అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. పరీక్షకూ మందులకూ ప్రభుత్వ ఆసుపత్రిలో పైసా ఖర్చు లేదు. ఇప్పుడు వాడుతున్న ట్రూనాట్ వంటి యంత్రాలు క్రిమి ఉందో లేదో చెప్పడమే కాక, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ దానిపై పనిచేస్తుందో లేదో కూడా తేలుస్తాయి.

సభల్లో ఎవరూ చెప్పని రెండు సంగతులు చెబుతాను. ఆ రిఫాంపిసిన్ వేసుకున్నవారికి మూత్రం నారింజ రంగులో వస్తుంది. ముందుగా చెప్పకపోతే రక్తం పడుతోందని బెదిరి మందు మానేస్తారు. రెండోది, మామూలు క్షయకు మందులు సాధారణంగా 6 నెలలు వాడాలి, కానీ రెండో నెలకల్లా దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒళ్లు తేలికపడుతుంది. మానేసేది సరిగ్గా అప్పుడే. అలా సగంలో ఆపినవారిలో మందులకు లొంగని క్షయ తయారవుతుంది, దానికి చికిత్స మరింత కష్టం.

కాలనీగా మీరు చేయగలిగినది కూడా ఉంది. మందు పనిచేయాలంటే తిండి ఉండాలి. రోగులకు పోషణ కోసం ప్రభుత్వం నిక్షయ్ పథకం కింద 2018 నుంచి నెలకు ₹500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి దాన్ని ₹1,000 చేసింది. దానికి తోడుగా సంఘాలు, వ్యక్తులు ‘నిక్షయ్ మిత్ర’గా నమోదు చేసుకుని, సమ్మతించిన రోగులకు కనీసం 6 నెలలపాటు పప్పు, నూనె, వేరుశనగ వంటి సరుకులు అందించవచ్చు. జార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనంలో, రోగి ఇంట్లోవారికి సరుకులు అందిస్తే వారిలో కొత్తగా క్షయ సోకడం సుమారు 40 శాతం తగ్గినట్లు తేలింది. ఏడు ఫ్లెక్సీల డబ్బు ఇక్కడ ఎంతో పనికొస్తుంది. ఒక్క షరతు: సరుకుల సంచి ఇస్తూ రోగితో ఫొటో దిగవద్దు.

జవాబు: తోటపని, సైనిక్‌పురి

ఎవరు ఏ దినం ఎంచుకున్నా సరే, మార్చి 21న మొక్కలు మాత్రం నాటకండి. ఏటా చూస్తున్నాను. అడవుల దినమని నాయకుడు వచ్చి గుంటలో మొక్క పెట్టి, బిందెడు నీళ్లు పోసి వెళతారు. ఏప్రిల్ రెండో వారానికి అక్కడ ఎండుపుల్ల, చుట్టూ ఇనుప జాలీ మిగులుతాయి. మన నేలలో మొక్కకు తగిన వేళ తొలకరి పడ్డాకనే. వన మహోత్సవాన్ని 1950 నుంచి జూలై మొదటి వారంలో జరపడమూ, తెలంగాణలో హరితహారాన్ని 2015 జూలైలో మొదలుపెట్టడమూ అందుకే.

మరి మార్చిలో మన చెట్లు ఏం చేస్తుంటాయి? ఆకు రాలుస్తుంటాయి. మీ మల్కాజిగిరి వీధుల్లో కానుగ చెట్లు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు గానీ, మా వీధిలో ఫిబ్రవరి చివరి నుంచి ఉగాది దాకా కానుగ, వేప, రావి ఆకులు మోకాలి లోతున పడతాయి. వాటిని ఊడ్చి మూలకు చేర్చి అగ్గిపెట్టడం అందరికీ అలవాటు. పొద్దున్నే ఆ పొగ వీధంతా పాకి, ఆస్తమా ఉన్న ముసలివారు తలుపులు వేసుకుని కూర్చుంటారు. నల్లమలలో, కవ్వాల్‌లో అటవీ శాఖవారు ఇదే రోజుల్లో ఎండుటాకు తొలగించి అగ్గి దాటకుండా బాటలు తీస్తారు, ఎందుకంటే మోదుగ పూసే వేళ నుంచి వానలు పడేదాకా కార్చిచ్చు కాలమే. ఇప్పపూవు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకు కాల్చినప్పుడు నిప్పు కొండెక్కిన సందర్భాలు కూడా ఉన్నాయి. అడవికీ మీ వీధికీ ఆ వారంలో ఉన్న సంబంధం ఇదే, రెండు చోట్లా ఎండుటాకు, రెండు చోట్లా అగ్గిపుల్ల.

పరిష్కారానికి పెద్ద ఖర్చు లేదు. నాలుగు అడుగుల ఎత్తున ఇనుప జాలీని గుండ్రంగా చుట్టి, పార్కు మూలన నిలబెట్టి, ఆకులు నింపుతూ ప్రతి అడుగుకూ పేడనీళ్లో పులిసిన మజ్జిగో చల్లి తడి ఆరకుండా చూసుకుంటే నాలుగైదు నెలల్లో నల్లటి ఆకుఎరువు దిగుతుంది. జూలైలో మీరు నాటే మొక్కల గుంటల్లోకి అదే పనికొస్తుంది. నూట నలభై ఇళ్లకు అటువంటివి రెండు చాలు. పిచ్చుకల సంగతి కూడా ఇందులోనే ఉంది: పెట్టెలు కొని గోడకు కొట్టే ముందు, వెనుకటి ఇళ్లలో లాగా వరి కంకుల కుచ్చు ఒకటి వసారాలో వేలాడదీసి, మట్టి మూకుడులో నీళ్లు పెట్టి చూడండి.

కాలనీ కార్యదర్శి, మల్కాజిగిరి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి లేఖను కమిటీలో చదివి వినిపించాను. బోయిన్‌పల్లి అమ్మగారి మాటలు చదివిన తర్వాత మా రెండో వీధిలో ఒక ఇంటికి నేనూ నా భార్యా వెళ్లి వచ్చాం. ఆ వివరాలు ఇక్కడ రాయను. సైనిక్‌పురి వారు ఊహించినట్లే మా వీధుల్లో ఉన్నవి కానుగలే, నిన్న ఉదయం కూడా మూలన ఆకులు కాల్చారు, కాల్చినది మా సంఘం జీతమిచ్చే మనిషే.

అయితే కమిటీలో ముగ్గురు నీటి దినోత్సవం వైపే మొగ్గుతున్నారు, ఎందుకంటే మార్చి దాటితే మాకు రెండు రోజులకొక ట్యాంకరు తప్పదు. ఉపన్యాసం కాకుండా ఆ రోజున చేయగల పని ఏదైనా ఉందా?

జవాబు: బోరు మోటార్ల పని, ఉప్పల్

ఉంది. మీ ఇంకుడు గుంతల మూతలు తెరవండి. కాలనీ వేసిన కొత్తలో అనుమతి కోసం ప్రతి ఒక్కరూ గుంత తవ్వించి ఉంటారు. తర్వాత దాని మీద బండ వేసి స్కూటరు నిలిపి ఉంటారు. నేను తెరిచిన వాటిలో ఎక్కువ వాటిలో కంకర మీద జానెడు మందాన బురద, ప్లాస్టిక్ కవర్లు, ఎండుటాకు పేరుకుని ఉన్నాయి. పై పొర ఇసుక, కంకర తీసి కడిగి మళ్లీ నింపడానికి ఒక గుంతకు ఇద్దరు కూలీలకు ఒక పూట పని. వానల్లో గుంత తెరవలేం, శీతాకాలంలో ఎవరికీ గుర్తు రాదు. మార్చి చివర నుంచి మే లోపే చేయాలి. ఆకాశాన్ని చూసి పెట్టిన తేదీకి మన ఊరి పని తగిలించమని మాస్టారు అన్నారు కదా, మార్చి 22కు తగిన పని ఇదేనని నా అభిప్రాయం.

లెక్క చెబుతాను, కమిటీలో పనికొస్తుంది. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద పడే నీరు ఏడాదికి 80,000 లీటర్లు; ఆవిరై, పక్కకు పోయినది ఐదో వంతు తీసేసినా 64,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పన్నెండుకు పైగా. ఒక్క ఇంటికి అంత. ఇప్పుడు అదంతా మీ గేటు ముందు మోరీలోకి పోతోంది.

ఈ నగరం కథ కూడా అదే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేస్తే, ఆ నీటినే ఆపి తాగునీరు చేద్దామని 1920లో గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ కట్టుకున్నారు. ఇప్పుడు కృష్ణ నుంచీ గోదావరి నుంచీ వంద కిలోమీటర్లకు పైబడిన దూరం నీళ్లను ఎత్తిపోసి తెచ్చుకుంటున్నాం. అంత దూరం నుంచి వచ్చిన నీరు మీ సంపు ఫ్లోట్ వాల్వు చెడిపోయి రోడ్డు మీదకు పొర్లుతుంటే, నాకు మోటారు బాగు చేసిన కూలి కంటే ఆ బాధే ఎక్కువ గుర్తుంటుంది. అదే రోజున ఇల్లిల్లూ తిరిగి కుళాయి వాషర్లు కూడా చూడండి. సెకనుకు ఒక చుక్క కారే కుళాయి రోజుకు నాలుగు లీటర్లకు పైగా వదిలేస్తుంది.

జవాబు: పెద్దావిడ, దిల్‌సుఖ్‌నగర్

నాయనా, నాకు ఈ దినోత్సవాల మీద పెద్దగా నమ్మకం లేదు. అయినా అందరూ నీటి గురించి మాట్లాడుతున్నారు గనుక ఒక మాట. మన పంచాంగాల్లో చైత్రమాసం నుంచి చెప్పిన పనుల్లో ప్రపాదానం ఒకటి. ప్రప అంటే చలివేంద్రం. ఒక్క రోజు పెట్టి వదిలేసేది కాదు, ఎండలున్న నాలుగు నెలలూ నడపమన్నారు. అంత శక్తి లేనివారు రోజుకొక నీళ్ల కుండ దానం చేయమన్నారు. వెనుకటివారు తేదీ కంటే గడువును చూశారు.

మా వీధిలో ఒక సంఘంవారు శ్రీరామనవమికి చలివేంద్రం పెట్టారు. మొదటి రోజు రిబ్బను, మజ్జిగ, పూలదండ. పదో రోజుకు రంజన్ అడుగున పాచి, గొలుసు తెగిన గ్లాసు. కాబట్టి పెట్టే ముందు ఎవరు నింపుతారో, ఎవరు కడుగుతారో రాసుకోండి. రంజన్‌కు కుళాయి బిగించినది తీసుకోండి, అందరూ చేతులు ముంచకుండా ఉంటుంది. రెండు రోజులకొకసారి బోర్లించి ఎండలో ఆరబెట్టాలి కనుక జత ఉండాలి. కింద ఇసుక పోసి తడుపుతూ ఉంటే నీళ్లు చల్లగా ఉంటాయి. సరుకులు తెచ్చే కుర్రాళ్లు, ఆటోవాళ్లు, చెత్త బండి తోలేవాళ్లు మీ గేటు దగ్గర ఆగుతారు; వారిని బెల్లు కొట్టి నీళ్లడిగే అవసరం లేకుండా చేయండి.

కాలనీ కార్యదర్శి, మల్కాజిగిరి

నిన్న రాత్రి కమిటీ కూర్చుంది. ఒక్క దినాన్నే ఎంచుకోవాలన్న తీర్మానం నిలవలేదు, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. ఆకులు కాల్చడం ఈ రోజు నుంచే ఆపించాం. దానికి 21వ తేదీ దాకా ఆగడం అర్థం లేని పని అనిపించింది. పార్కు మూలన ఒక జాలీ నిలబెట్టాం, రెండోదానికి చోటు విషయంలో పదహారో నంబరు ఇంటివారితో మాటామంతీ సాగుతోంది. మార్చి 22న పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఇంకుడు గుంతల మూతలు తెరిచి, ఏ గుంత ఏ స్థితిలో ఉందో రాసుకుంటాం. కూలీలను ఉప్పల్ వారే మాట్లాడి పెడతామన్నారు. చలివేంద్రాన్ని ఉగాది నాడు పెట్టి మృగశిర కార్తె దాకా నడపాలని నిర్ణయం. వారానికి నలుగురు ఇళ్లవారి పేర్లు చొప్పున పట్టిక తయారైంది, మొదటి వారం మా ఇల్లే.

క్షయ విషయంలో మాత్రం వాదన జరిగింది. కాలనీ నోటీసు బోర్డు మీద ఆ పేరు కనిపిస్తే ఇళ్ల ధరలు పడిపోతాయని ఒక సభ్యుడు అన్నారు. ఎర్రగడ్డ వారు దాపరికం గురించి రాసినది ఆయనకు చూపించాను. చివరికి బోర్డు మీద రెండు వారాల దగ్గు, కళ్లె పరీక్ష, నారింజ రంగు గురించి ఐదు వరుసలు రాయడానికి ఒప్పుకున్నారు. నిక్షయ్ మిత్రగా ఒక రోగికి ఆరు నెలల సరుకులు ఇచ్చే బాధ్యతను సంఘం పేరున కాకుండా ముగ్గురం సొంతంగా తీసుకుంటున్నాం.

ఫ్లెక్సీ వేయించడం లేదు. ఈ సంగతి తెలిసి మా వాచ్‌మన్ కొంచెం నిరాశపడ్డాడు; పాతది ఎండకు చిట్లిపోయిందట, వానల్లోపు కొత్తది వస్తుందని చూస్తున్నాడట. అతని గదికి రేకులు మార్పించే ఖర్చును వచ్చే సమావేశం అజెండాలో మొదటి అంశంగా రాశాను.